వదిన దాటిన రోడ్డు

ప్రతి నెలా మొదటి సోమవారం నర్సమ్మ తెల్లబట్టలు ఇస్త్రీ చేసుకుని, గొడుగు పుచ్చుకుని రోడ్డు దాటడానికి బయల్దేరేది. మునిసిపల్ ఆఫీసు ఆమె ఇంటికి ఎదురుగానే ఉంది. మీటింగు పదకొండింటికి. అయినా పది కాకముందే గేటుకి గొళ్ళెం పెట్టేసేది. ఆమెకి అరవై ఎనిమిదో ఏడు నడుస్తోంది మరి.

ఆ ఊళ్ళో పెద్దరోడ్డు తీరే అంత. దాటేవాళ్ళ వయసునిబట్టి వెడల్పయ్యేది. కాలేజీ పిల్లలకి నాలుగంగలు. నడివయసువాళ్ళకి ఒక పాట కూనిరాగం తీసుకునేంత దూరం. అరవై దాటితే మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకోవాలి, డెబ్భై దాటితే వెంట నీళ్ళసీసా ఉండాలి. జుట్టు నెరవడం, పళ్ళు కదలడం లాగే ఇదీ ఒకటి అనుకునేవాళ్ళు తప్ప ఎవరూ దాన్ని వింతగా చెప్పుకునేవాళ్ళు కాదు. ఒక టాక్సీవాడు జాలిపడి ఓ తాతగారిని అటువైపు దింపుదామని ఎక్కించుకుంటే, సగం దారిలోనే పెట్రోలు అయిపోయింది. ఆ తర్వాత టాక్సీవాళ్ళు నెరిసిన తల కనబడితే చాలు, సీట్లో జారబడి నిద్ర నటించేవాళ్ళు.

ఊళ్ళో పెద్దవాళ్ళ కష్టసుఖాలు తెలుసుకోవడానికి మునిసిపాలిటీ ఒక సలహా సంఘం వేసింది. రిటైరైన లెక్కల మాస్టారు దానికి అధ్యక్షుడు. సభ్యుల్లో, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన నర్సమ్మ ఒకతి. ఒకప్పటి బస్సు డ్రైవరు ఇంకొకడు. మిగతావాళ్ళు వస్తే వచ్చేవాళ్ళు, లేకపోతే లేదు. వీళ్ళు సలహా చెప్పేవాళ్ళు, కుర్ర ఆఫీసరు వినయంగా తలూపేవాడు, అంతలో టీ, బిస్కెట్లు వచ్చేవి.

“సలహా ఇవ్వడం మన పని, వినకపోవడం వాళ్ళ పని. ఎవరి పని వాళ్ళు శ్రద్ధగా చేస్తున్నాం” అనేవాడు డ్రైవరు, బిస్కెట్టు టీలో ముంచుకుంటూ.

నర్సమ్మ సంఘంలో చేరింది బిస్కెట్ల కోసం కాదు, వదిన కోసం. వదిన అంటే ఆమె భర్తకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ తమ్ముణ్ణి చదివించింది. ఆ తమ్ముడు నర్సమ్మని కట్టుకుని, నలభై అయినా నిండకుండా ఆమెని ఒంటరిదాన్ని చేసి పోయాడు. అప్పట్నుంచి వదినకి మరదలు, మరదలికి వదిన. వదిన ఉండే గది ఆఫీసు పక్కసందులో, ప్రెస్సు వెనక. మొదట్లో సాయంత్రం ఇద్దరూ ఎటువాళ్ళు అటునుంచే కేకలేసి మాట్లాడుకునేవాళ్ళు. తర్వాత కేకలు అందక చేతులూపుకునేవాళ్ళు. వదినకి ఎనభై దాటాక ఆమె నర్సమ్మ ఇంటికి రావడమే మానేసింది. వారానికోసారి నర్సమ్మే వెళ్ళేది.

“దాటేవాళ్ళు దాటేదాకా బళ్ళు ఆపండి. అంతకంటే నేనేమీ అడగను” అంది నర్సమ్మ ఒక మీటింగులో. అడగడం అది మొదటిసారేం కాదు.

“దాటేదాకా అంటే ఎలాగమ్మా?” అన్నాడు ఆఫీసరు నొచ్చుకుంటూ. “ఎనభై ఏళ్ళ మనిషి దిగితే పొద్దున ఆగిన బండి సాయంత్రానికి కదులుతుంది. ఊరు స్తంభించిపోదూ? అయినా నేను రోజూ దాటుతున్నా, మరీ అంత దూరమా అది?”

“నీకు కాదు బాబూ. లే, నా చెయ్యి పట్టుకుని నడువు.”

ఇద్దరు చెయ్యీ చెయ్యీ పట్టుకుని దాటితే రోడ్డు పెద్దవాళ్ళ వయసే లెక్కలోకి తీసుకుంటుంది. పసిపిల్లల్ని బడికి దిగబెట్టే అమ్మమ్మలందరికీ తెలిసిన సంగతే. ఆఫీసరు మంచివాడు, మొహమాటస్తుడు కూడా. లేచి ఆమె వెంట దిగాడు. సంఘమంతా మేడమీద కిటికీలో చేరింది.

ఆకుపచ్చ దీపం వెలిగింది, ఇద్దరూ కాలు పెట్టారు. నాలుగంగలు వేశారో లేదో దీపం ఎర్రబడింది. బళ్ళు బొయ్యిమంటూ ఇటూ అటూ దూసుకుపోతుంటే ఆఫీసరు మెడ లోపలికి లాక్కున్నాడు. నడిచారు. మళ్ళీ ఆకుపచ్చ, మళ్ళీ ఎరుపు. అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఆఫీసు అగ్గిపెట్టెంత కనబడింది.

“ఇంకెంత దూరమమ్మా?”

“ఇప్పటికి సగమే వచ్చాం నాయనా.”

అంతలో అతని ఫోను మోగింది. తియ్యడానికి ఆమె చెయ్యి వదిలాడు. వెనక్కి రెండంగలేశాడు, అంతే, ఆఫీసు మెట్ల దగ్గరున్నాడు. అక్కణ్ణుంచే చెయ్యూపుతూ, “నిజమేనమ్మా, చాలా దూరం! తప్పకుండా ఏదో ఒకటి చేద్దాం!” అని అరిచాడు. నర్సమ్మకి ఆ మాట లీలగా వినబడింది. నడిరోడ్డు మీద ఒక్కర్తీ నిలబడి, ఎటు నడిచినా ఒకటే దూరమని లెక్కేసుకుని, ఇంటివైపు నడిచింది.

ఆ ఏదో ఒకటి, ఆఖరికి బెంచీ అయింది. రోడ్డు మధ్య డివైడరు మీద ఒక సిమెంటు బెంచీ, దానిమీద సంఘం సభ్యుల పేర్లతో పలక, అని మీటింగులో తీర్మానం పెట్టారు.

“కొండని తవ్వి ఎలకని పట్టినట్టుంది” అంది నర్సమ్మ. “బళ్ళు ఆపమంటే బెంచీ వేస్తామంటారేమిటి? కూర్చుంటే రోడ్డు తరుగుతుందా?”

“వాళ్ళిచ్చేది పుచ్చుకోవాలమ్మా” అన్నారు మాస్టారు. పలక మీద మొదటి పేరు ఆయనదే. “ఇది మన సంఘం సాధించిన మొదటి విజయం. గుడ్డికన్నా మెల్ల నయం కదా?”

నర్సమ్మకి వదిన మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఏమీ లేనిదానికంటే, పోనీ, కూర్చోడానికి ఇంత చోటైనా ఉంటుంది కదా అనుకుంది. అందరితోపాటు చెయ్యెత్తింది.

బెంచీ వేసిన కొన్నాళ్ళకే ప్రెస్సు పాతభవనం కూల్చేస్తున్నారని, గది ఖాళీ చెయ్యమని వదినకి కబురొచ్చింది. నర్సమ్మ వెళ్ళేసరికి వదిన మంచమ్మీద కూర్చుని, పెట్టెలో బట్టలు సర్దుతూ తీస్తూ ఉంది.

“మా ఇంటికొచ్చెయ్ వదినా. కిటికీ పక్కన నీకు మంచం వేసేశాను.”

“వెయ్యడానికి వేశావు. రావడం ఎలాగే? నాకు ఎనభై నాలుగు. అది నీకు రోడ్డేమో గానీ నాకు సముద్రం.”

“మధ్యలో బెంచీ ఉందిగా. మేం వేయించిందే.”

వదిన పెట్టె మూత వేసి, “సరే, అయితే పద. మీ ఘనకార్యం కూడా చూసినట్టుంటుంది” అంది.

మర్నాడు ఎండ ముదరకముందే బయల్దేరారు. పెట్టెని పక్కింటివాళ్ళ కుర్రాడు నాలుగంగల్లో అటు చేరవేసేశాడు. నర్సమ్మ వదిన మణికట్టు పట్టుకుంది. నర్సు అలవాటు, వేళ్ళు వాటంతటవే నాడి మీదకి పోయాయి.

వదిన నాలుగడుగులు వేసి ఆగేది, ఆగినప్పుడల్లా ఏదో ఒకటి అనేది. ఒక కుర్రాడు కారద్దం దించి, “ఇంట్లో కూర్చోలేరా మామ్మా?” అని అరిస్తే, “ఇంటికే పోతున్నాం నాయనా!” అని అంతకంటే గట్టిగా అరిచింది.

బెంచీ చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. సిమెంటు కాలిపోతోంది. నర్సమ్మ తన తువ్వాలు మడిచి పరిచి కూర్చోబెట్టింది. వదిన ఊపిరి అందుకోగానే మెడ తిప్పి, కళ్ళద్దాలు సవరించుకుని పలక చదివింది.

“నీ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయిందే. ఎవడు దిద్దాడు దీన్ని?”

“ఎవరూ దిద్దలేదేమో.”

“అలాగే ఉంది.” కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ, “మా తమ్ముడు ఈ రోడ్డు ఈలేసుకుంటూ దాటేవాడు. అదృష్టవంతుడు. ఇది వెడల్పు కాకముందే పోయాడు” అంది.

కూర్చున్నంతసేపూ హాయిగానే ఉంది. లేవబోతే వదిన కాళ్ళు లేవలేదు. నర్సమ్మ చంకల కింద చేతులేసి లేపింది. బెంచీ దాటాక వదిన మాటలు తగ్గిపోయాయి. అడుగు తీసి అడుగు వెయ్యడానికి ఆమెకున్న శక్తంతా పోతోంది. చూసేవాళ్ళకి మాత్రం ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు మరీ మెల్లగా నడుస్తున్నారనిపించింది, అంతే. కొందరు హారన్లు కొట్టారు. ఒకరిద్దరు బండాపి జాలిగా చూసి, వెనకవాళ్ళు తిడితే వెళ్ళిపోయారు.

పొద్దు వాలింది. అటుపక్క ఇళ్ళు ఇంకా చేతివేలంతే ఉన్నాయి.

“నా చెయ్యి వదిలెయ్యవే” అంది వదిన. “నువ్వు వదిలేస్తే నీకు ఇల్లు దగ్గరే. వెళ్ళి కాసిని నీళ్ళు తాగు. నేను నిదానంగా వస్తాను.”

“ఊరుకో వదినా. వదలడానికా ఇంతదూరం తీసుకొచ్చింది?”

“మొండిదానివి. వాడు నిన్ను చేసుకుంటానన్నప్పుడే చెప్పాను, మొండిదిరా అని.”

“ఏమన్నాడు?”

“నీకు సరిజోడక్కా అన్నాడు.”

వదిన నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. ఇంకో అడుగు వేసింది. ఇంకొకటి. నర్సమ్మ వేళ్ళ కింద నాడి చిన్నపిల్లల పరుగులా కొట్టుకుని, తడబడి, ఒకసారి ఆగి మళ్ళీ అందుకుంది. నర్సమ్మ నడవడం ఆపి వదిన నడుం చుట్టూ చెయ్యి బిగించింది. “వదినా, ఇటు చూడు. వదినా.” వేళ్ళ కింద ఏమీ లేదు. ఇంకాస్త నొక్కి పట్టుకుంది. ఎన్నో మంచాల పక్కన నిలబడి ఎన్నో చేతులు పట్టుకున్న మనిషి ఆమె. ఎంత నొక్కినా ఉండదని తెలుసు.

తలెత్తి చూస్తే ఎదురుగా తన గేటుంది.

దండెం మీద పొద్దున ఆరేసిన దుప్పటి, కిటికీ పక్కన వేసిన మంచం, దానిమీద దిండు, అన్నీ కనబడుతున్నాయి. రోడ్డుకిప్పుడు లెక్కేసుకోడానికి నర్సమ్మ వయసొకటే మిగిలింది. ఆమె వదినని గుండెకానించుకుని కొన్ని అడుగులు వేసింది. పేవ్‌మెంటు కాలికి తగిలింది.

జనం పరిగెత్తుకొచ్చారు. ఆఫీసరు కూడా అటుపక్కనుంచి నాలుగంగల్లో వచ్చాడు.

“అయ్యో, గుమ్మం దాకా వచ్చి పోయిందే!” అన్నారెవరో. “ఇంత దగ్గరకొచ్చి...” అన్నాడు ఆఫీసరు. నిజంగానే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నర్సమ్మ వదినని లోపలికి తీసుకెళ్ళి, ఆమె కోసం వేసిన మంచమ్మీదే పడుకోబెట్టి, చెప్పులు విప్పి, పాదాలకంటిన రోడ్డు దుమ్ము తడిగుడ్డతో తుడిచింది.

తర్వాతి నెల మొదటి సోమవారం నర్సమ్మ తెల్లబట్టలు ఇస్త్రీ చేసుకుంది. ఆవేళ ఆమెకి చెప్పవలసింది ఒకటే మాట ఉంది. బెంచీలు వద్దు, ఉన్నది కూడా పీకెయ్యండి, బళ్ళు ఆపండి. పదింటికి గేటు తీసి బయటికొచ్చి నిలబడిపోయింది. అటుపక్క ఆఫీసు కనబడలేదు. ఎండకి చెయ్యడ్డం పెట్టుకుని చూసింది. రోడ్డే తప్ప ఇంకేమీ లేదు. ఒక్క నెలలో వదిన వయసంతా తన మీదకొచ్చి పడిందని అర్థమైంది. లోపలికి వెళ్ళి నీళ్ళసీసా తెచ్చుకుని, గొడుగు విప్పి, రోడ్డు మీద కాలుపెట్టింది.

మేడమీద మీటింగు మొదలైంది. పోయినావిడ జ్ఞాపకార్థం ఇంకో బెంచీ వెయ్యాలనీ, దాని పలక మీద ఆవిడ పేరు చెక్కించాలనీ మాస్టారు ప్రతిపాదించారు. ఆఫీసరు వెంటనే ఒప్పుకున్నాడు.

“నర్సమ్మ రాలేదు కదా. ఆమె మాట వినద్దూ?” అన్నాడు డ్రైవరు. ఆవేళ ఆయన బిస్కెట్టు ముట్టుకోలేదు.

ఆఫీసరు కిటికీలోంచి తొంగిచూశాడు. అవతలి గేటు దగ్గరే, మరీ మెల్లగా, ఒక గొడుగు కదులుతోంది. “వస్తున్నారు” అన్నాడు, గడియారం చూసుకుంటూ. మాస్టారు కూడా చూశారు, కళ్ళు చిట్లించి లెక్క కట్టారు. “మనం ముగించేలోగా అయ్యే పని కాదు. ఆవిడ బెంచీ వద్దంటుందా ఏమిటి, పోయింది ఆవిడ సొంత వదిన! ఏకగ్రీవం అని రాసేద్దాం.”

చేతులు లేచాయి. డ్రైవరు చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది గానీ, అటు ఎవరూ చూడలేదు. టీ వచ్చింది.

కింద రోడ్డు మీద నర్సమ్మ గొడుగు ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుని, ఒక గుక్క నీళ్ళు తాగి, మళ్ళీ నడక మొదలుపెట్టింది. ఆమెకి ఇంకా బెంచీ అయినా కనబడటం లేదు.