కుడివైపు బోర్డు

చెంచయ్య సౌదీ సముద్రపొడ్డున ఉన్న ఖఫ్జీకి వచ్చి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో సదానందం అతనితో మాట్లాడిన మాటలన్నీ పోగేసినా ఒక కార్డుముక్క నిండదు. "తలుపెయ్యి." "ఉప్పేడ పెట్టినవ్?" "లైటు బందు చెయ్యి." చెయ్యి చాపితే తగిలేంత దగ్గర మంచాల్లో పడుకునే ఇద్దరు తెలుగువాళ్ల ముచ్చట్లు అవీ! చెంచయ్య ఎప్పుడైనా "అన్నా, నీకొక మాట చెప్పాల" అని మొదలుపెడితే చాలు, సదానందం ఫోను చెవికి ఆనించుకుని బయటికి నడిచేవాడు. ఫోనులో అవతల ఎవరూ ఉండేవారు కాదు.

సదానందం చెడ్డవాడేమీ కాదు. ఒక్క విషయంలో మాత్రం ఓర్వలేనివాడు. జగిత్యాల దగ్గరి పల్లెలో పుట్టి, సౌదీ వచ్చేదాకా సముద్రమంటే ఏమిటో చూడని మనిషి. కట్టుబడి పనికని వచ్చి, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ అబూ నాసిర్ ఇంటి గోడ కట్టాడు. పనివాళ్లు ఆయన్ని బాబా అంటారు. తర్వాత ఆయన బోటు కడిగాడు. కడుగుతూ కడుగుతూనే ఇంజను విప్పడం, బిగించడం, అలను చూసి బోటు తిప్పడం అన్నీ నేర్చుకున్నాడు. అలా పదకొండేళ్లు గడిచాయి. బోటులో కఫీల్ పక్కన ఉండే రెండో కుర్చీ అతనిది. ఊళ్లో ఉన్న భార్య అంజవ్వకు వీడియో కాల్ చేయాలంటే ఆ కుర్చీలో కూర్చునే చేసేవాడు, వెనక నీళ్లు కనపడేలా.

అప్పుడు దిగాడు చెంచయ్య. అబూ నాసిర్ తమ్ముడికి బురైదాలో ఖర్జూరం తోట ఉంది. ఆ తోటలో నీళ్ల మోటార్లు చూసుకునే చెంచయ్య, నెల్లూరు సముద్రపొడ్డున వలలు లాగే ఇంట్లో పుట్టినవాడని తెలిసి, కనద్ చేపల సీజనుకని కఫీల్ వెంటబెట్టుకొచ్చాడు. కనద్ అంటే మన వంజరమే. మొదటి వారంలోనే చెంచయ్య పక్షులు ముసిరిన చోటు చూసి "చేప ఆడుండాది" అన్నాడు, ఉంది. రెండో వారం కఫీల్ అతన్ని పక్క కుర్చీలో కూర్చోమన్నాడు. సదానందం ఐసు పెట్టె మీదికి మారాడు. ఆ రోజు నుంచి అతనికి తిన్నది ఒంటబట్టలేదు.

అది చాలదన్నట్టు కఫీల్, అరబ్బీ కలిపిన తన వచ్చీరాని హిందీలో తేల్చి చెప్పేశాడు. "సీజను అయ్యాక బోటుకు ఒక్కడు చాలు. రెండోవాడు బురైదా తోటకు పోవాలి."

పదకొండేళ్లు నీళ్ల మీద తిరిగి, ఇప్పుడు ఇసకలో మోటార్ల మధ్య కూర్చోవాలా? అంజవ్వకు ఏం చూపించాలి? ఖర్జూరం మట్టలా? సదానందం ఆ రాత్రే కాదు, ఆ వారమంతా చెంచయ్య కూర్చున్నా నిలబడ్డా కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు.

అలాంటి సమయంలో కఫీల్‌కు అమెరికా వాళ్ల వీడియో ఒకటి కనపడింది. అక్కడి సరస్సుల్లో మస్కీ అనే కోరపళ్ల చేప ఉంటుందట. దానికోసం మూరెడు బొమ్మచేపను దారానికి కట్టి పడవ వెనక ఈడ్చుకుపోతారు. దారం మధ్యలో ఒక క్లిప్పుతో పలక తగిలిస్తారు. ఆ పలక నీటి మీద తేలుతూ దారాన్ని పడవకు దూరంగా పక్కకు లాక్కుపోతుంది. ఇంజను చప్పుడు అందని చోట చేప నోరు తెరుస్తుంది, పట్టగానే క్లిప్పు ఊడిపోతుంది. ఆ పలకనే బోర్డు అంటారు. కఫీల్ వెంటనే మూరెడు బొమ్మచేపలు తెప్పించాడు. ఇక బోర్డులు కావాలి.

"అల్ ఖోబర్ పోండి. ఎడమవైపు బోర్డు సదానందం ఎంచాలి, కుడివైపుది చెంచయ్య. ఎవడిది పని చేస్తుందో శుక్రవారం చూస్తా, వాడికే బోటు" అన్నాడు అబూ నాసిర్.

మూడు గంటల పైచిలుకు దారి. సదానందం బండి నడిపాడు, దారంతా రేడియో మోతగా పెట్టి. అల్ ఖోబర్‌లో గేలాల దుకాణంలో పనిచేసే వాజిద్ హైదరాబాదీ. అతను కౌంటరు మీద పసుపుపచ్చగా మెరిసే చిన్న బోర్డు పెట్టాడు. జానెడు పొడవు, మీద ఎర్ర జెండా. "అందరు గిదే తీస్కపోతున్నరు భాయ్. ఫస్ట్ క్లాస్."

"గిదే ఇయ్యి" అన్నాడు సదానందం. ముద్దుగా ఉంది మరి. ఫోటోలో బాగుంటుంది.

చెంచయ్య తువ్వాలులో చుట్టి తెచ్చిన బొమ్మచేపను బయటికి తీశాడు. ఒక చేతిలో దాన్నీ, ఇంకో చేతిలో పసుపు బోర్డునీ పట్టుకుని తూచినట్టు ఆడించాడు. బోర్డు కన్నా చేపే పెద్దది. అతను మూల దుమ్ము పట్టి ఉన్న నల్ల బోర్డు దగ్గరికి వెళ్లాడు. రెండు జానల పొడవు, అడుగున సీసం పట్టీ. క్లిప్పును బొటనవేలితో నొక్కి చూశాడు. దాని దవడల్లో మందమైన రబ్బరు ముక్కలున్నాయి. గట్టిగా ఉంది.

"అన్నా, ఈ బొమ్మచేప మామూలుగా లాగదు. నువ్వు పట్టుకున్నది దీని ఈడ్పుకి నిలవదు, ముక్కు ముంచేస్తాది. రెండు పక్కలకీ పెద్దవే ఎత్తుకో. రెండూ నువ్వే ఎంచినట్టు బాబాకి చెప్పు, నేనేం అనుకోను."

అతను చెప్పింది నిజమని సదానందానికి తెలుసు. పదకొండేళ్లుగా తాళ్లు లాగిన చెయ్యి అతనిది, పసుపు బోర్డు పట్టుకోగానే దాని తేలికతనం ఆ చేతికి తెలిసిపోయింది. తెలిసినందుకే ఒళ్లు మండింది.

"నాకు బిచ్చమేస్తున్నవా? నిన్న గాక మొన్నొచ్చి నాకే నేర్పుతవా? నాది నేను తీస్కుంట, నీది నువ్వు తీస్కో."

"అది కాదన్నా, నాకు బోటు వొద్దు..."

"జర ఊకుంటవా!"

వాజిద్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి రెండు బోర్డులూ విడివిడి సంచుల్లో పెట్టాడు.

గురువారం మధ్యాహ్నం చెంచయ్య గదిలో పులుసు కాస్తుంటే సదానందం బోటు కడగాలనే వంకతో జెట్టీకి వెళ్లాడు. నల్ల బోర్డు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. క్లిప్పు దవడల్లో ఉన్న రబ్బరు ముక్కల్ని కత్తితో పెకలించి నీళ్లలోకి విసిరేశాడు. ఇప్పుడు ఆ దవడలు దారాన్ని పట్టుకోలేవు. పదకొండేళ్లలో ఆ బోటు మీద ఒక్క మేకు కూడా చెడగొట్టని మనిషి అతను. బోర్డును మళ్లీ ఉన్నచోటే పెట్టేశాడు.

శుక్రవారం పొద్దున్నే బయలుదేరారు. ఎడమవైపు పసుపు బోర్డు వదలగానే హుందాగా పక్కకు సాగింది. సదానందం ఛాతీ పొంగింది. కఫీల్ వేగం కాస్త పెంచాడో లేదో, మూరెడు బొమ్మచేప నీళ్లను పట్టుకుంది. పసుపు బోర్డు ముక్కు ముంచి, జెండాతో సహా మాయమైంది. మూడుసార్లు వేస్తే మూడుసార్లూ మునిగింది.

కుడివైపు నల్ల బోర్డు వదిలారు. క్లిప్పులోంచి దారం జారిపోయి బోర్డు వెల్లకిలా పడింది. మళ్లీ వేస్తే మళ్లీ అంతే. "రెండూ చెత్తేనా?" అని అరిచాడు అబూ నాసిర్. సదానందానికి తనది మునిగిందన్న బాధ కన్నా వాడిది తిరగబడిందన్న సంతోషమే ఎక్కువైంది. ఆ సంతోషం చూసుకుని తనకే కాస్త సిగ్గేసింది. కానీ కాస్తే.

చెంచయ్య బోర్డును పైకి లాగి క్లిప్పు చూశాడు. కత్తి గాట్ల మీద బొటనవేలు పెట్టి నిమిరాడు. తలెత్తి సదానందం వైపు చూశాడు. మధ్యాహ్నం భోజనంలోకని తెచ్చిన జర్జీర్ ఆకు కట్ట విప్పి దానికున్న రబ్బరు బ్యాండు తీసుకున్నాడు. దాన్ని దారానికి మెలివేసి, బ్యాండు కొసను బోర్డు చిల్లుకు తగిలించి నీళ్లలోకి వదిలాడు. నల్ల బోర్డు నిటారుగా నిలబడి, బొమ్మచేపను ఈడ్చుకుంటూ ఇరవై గజాల అవతలికి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

పావుగంట గడిచిందో లేదో రబ్బరు తెగింది, గేలం కర్ర వంగింది. అరగంట గుంజులాట తర్వాత పైకొచ్చిన కనద్‌ను ఎత్తడానికి ఇద్దరూ చెరోవైపు పట్టాల్సి వచ్చింది. అబూ నాసిర్ చిన్నపిల్లాడిలా గంతులేశాడు. "చెంచయ్యా, ఏం బోర్డు ఎంచావు!"

"నేను కాదు బాబా. సదానందం అన్నే దీన్ని ఎత్తుకోమన్నాడు" అన్నాడు చెంచయ్య, కిందికి చూస్తూ.

కఫీల్ నవ్వడం ఆపి ఇద్దరినీ చూశాడు. "వీడికి భయపడి అంటున్నావు. నాకు కళ్లు లేవనుకున్నారా? ఖలాస్. బోటు చెంచయ్యది. సదానందం ఆదివారం బురైదా పోతాడు."

శనివారం సాయంత్రం సదానందం బట్టలు సర్దుకుంటుంటే చెంచయ్య ఒక కవరు తెచ్చి మంచం మీద పెట్టాడు. అందులో ఒక శాలువా, నొప్పుల మందు డబ్బా ఉన్నాయి.

"ఇది భాగ్యలక్ష్మికి ఇయ్యన్నా."

"ఎవరామె?"

"మా ఇంటామె. బాబా తమ్ముడింట్లో పనికుండాది. తోట గోడకి అవతలే ఆ ఇల్లు. శుక్రవారం చెత్త పారేసేదానికి గేటు కాడికి వస్తాది. ఆమె కాడ ఫోను లేదు, ఆ పది నిమిషాలే మాట్లాడుకునేవాళ్లం. సీజను అయినాక వచ్చేస్తానని చెప్పుండా. బాబాని అడిగేదానికి మాత్రం ధైర్యం రాలా."

సదానందం చేతిలో చొక్కా మడత అలాగే ఆగిపోయింది. "నువ్వు బురైదా పోవాలనుకున్నవా?"

"అందుకే గదన్నా పెద్ద బోర్డు నిన్ను ఎత్తుకోమనింది."

"మరి నువ్వే చెత్త బోర్డు ఎంచుకోవచ్చు గదా!"

"చెయ్యి రాలేదన్నా. పనికిరాదని తెలిసీ నీళ్లల్లో ఎట్టా ఎయ్యను?"

"మొన్న నేను క్లిప్పు చెడగొట్టిన. అట్లనే ఇడిస్తే అయిపోవు. రబ్బరెందుకు కట్టినవ్?"

"కింద చేప తిరగతా ఉండాది. చేతులు వాటంతటవే కట్టేసినాయి."

"మూణ్ణెల్లసంది ఒక్క గదిల ఉంటిమి, నాకెందుకు చెప్పలే?"

"చెప్పనిస్తివా?" అన్నాడు చెంచయ్య. కోపంగా అనలేదు. సదానందానికి ఆ మెత్తదనమే తట్టుకోలేనిదైంది.

చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా కఫీల్ ఇంటికి పరుగెత్తాడు. రబ్బరు ముక్కలు కోసింది తానేనని చెప్పేశాడు. బోటు తనకు ఇవ్వకపోయినా పరవాలేదు, చెంచయ్యను మాత్రం బురైదా పంపమన్నాడు, వాడి భార్య భాగ్యలక్ష్మి అక్కడ ఉందన్నాడు. పదకొండేళ్లలో అతను అంత నిజాయితీగా ఏదీ అడగలేదు.

అబూ నాసిర్ ఖావా కప్పు కింద పెట్టాడు. "మోసం చేశానని నువ్వే ఒప్పుకుంటున్నావు. మరుక్షణం వాడికో పెళ్లాన్ని పుట్టించావు, వాడు పోతే బోటు నీకొస్తుందని."

"చెంచయ్యను అడుగు బాబా."

"నువ్వు చెప్పమన్నదే చెప్తాడు. చేప దొరికినప్పుడూ అదే చేశాడు." కఫీల్ లేచి నిలబడ్డాడు. "ఇంకొకటి. నా తమ్ముడింట్లో ఆడమనిషి పేరు నీ నోట ఇంకోసారి వినపడితే, ఇద్దరూ ఇండియాకే పోతారు. హసూద్!"

హసూద్ అంటే కుళ్లుబోతు. ఇంకొక్క మాట ఎత్తితే చెంచయ్య కడుపు మీద కొట్టినట్టవుతుంది. తల వంచుకుని వచ్చేశాడు.

బురైదాలో మొదటి శుక్రవారం. కవరు పట్టుకుని గోడ పక్కన గంటసేపు నిలబడ్డాడు. చివరికి గేటు తెరుచుకుంది. నల్ల అబాయా వేసుకుని, చెత్త సంచి పట్టుకున్న సన్నటి మనిషి వచ్చింది. పాపిట తీసి నీళ్లతో అణచి దువ్విన జుట్టు ముసుగులోంచి కొంచెం కనపడుతోంది. ఆమె అతన్ని చూసి, అతని వెనక్కి చూసి, ఖర్జూరం చెట్ల మధ్య దారి పొడవునా చూసింది. ముఖంలో నవ్వు ఇంకా పోలేదు.

"ఖఫ్జీ నుంచి వచ్చినావా అన్నా? ఆయన యాడన్నా?"

సదానందం కవరు ఆమె చేతిలో పెట్టాడు.

"ఆయన జాగల నేనొచ్చిన చెల్లె" అన్నాడు.