‘వెనక గది’ మూడో సీజన్

‘వెనక గది’ అనే దెయ్యాల సీరియల్ మొదటి రెండు సీజన్లూ టీవీలో వచ్చినప్పుడు ఆ గంటసేపు వీధులు బోసిపోయేవి. వారానికొక తలుపు దానంతటదే మూసుకునేది, వారానికొకరు గావుకేక పెట్టేవారు. మూడో సీజన్‌కి వచ్చేసరికి కేకలు ఆగిపోయాయి. ఇంట్లోవాళ్లు తినేవాళ్లు, పోట్లాడుకునేవాళ్లు, లైట్లార్పి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లు వెళ్లాక కూడా కెమెరా ఆ ఖాళీ గదినే చూస్తూ ఉండిపోయేది.

“దెయ్యం సెలవు పెట్టిందా?” అని సగం మంది దుమ్మెత్తిపోశారు. అసలు ఒళ్లు జలదరించింది ఆ సీజన్‌కేనని మిగతా సగం మంది వాదించారు. ఈ గొడవలో మాటలు మానేసిన అన్నదమ్ములు కూడా ఉన్నారు. చివరికి సీరియల్ ఆగిపోయింది, డైరెక్టర్‌కి ‘నత్త’ అన్న పేరు మిగిలింది.

ఆ సీజన్‌కి ఎడిటింగ్ చేసినావిడ కూడా తిట్టినవాళ్ల వైపే. “గదిలో ఎవరూ లేరు కదా సార్, ఎవర్ని చూపిస్తున్నాం?” అని ఆయనతో రోజూ తగువే. “ఉండనివ్వమ్మా” అనేసేవాడాయన.

ఏళ్లు గడిచాక ఒక ఛానెల్ ఆ సీరియల్‌ని మళ్లీ వేయాలనుకుంది. మూడో సీజన్‌ని సగానికి కుదించే పని ఆమెకే అప్పగించింది. ఆమె ఎగిరి గంతేసింది.

ఇంట్లో ముందు గదిలో, కిటికీ పక్కన ఉంటుంది ఆమె కంప్యూటర్. మధ్యాహ్నపు ఎండ తెర మీద పడకుండా ఒక దుప్పటి అడ్డం కట్టి పని మొదలుపెట్టింది. వెనక సోఫాలో అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. ఆవిడ ఈ సీరియల్ ఎన్నడూ చూసి ఎరగదు.

వంటింటి సీను. కోడలి వేషం వేసినమ్మాయి గిన్నెలు కడిగి, లైటార్పి వెళ్లిపోయింది. ఎడిటర్ అక్కడ కోయబోయింది.

“ఆగవే అమ్మాయ్, ఆవిడ ఇంకా వెళ్లలేదుగా.”

“ఎవరత్తయ్యా?”

“ఫ్రిజ్ పక్కన గోడవైపు తిరిగి నుంచుంది చూడు. జుట్టంతా తడి.”

ఎడిటర్‌కి ఫ్రిజ్ తప్ప ఏమీ కనిపించలేదు. “మీ కళ్లద్దాలు మార్పించాలి” అని నవ్వి ఆ ముక్క తీసేసింది.

తర్వాత హాలు సీను. “ఇదిగో, ఇప్పుడు ఇక్కడికొచ్చింది. కుర్చీ వెనకాలే” అంది అత్తగారు. ఆ ముక్కా పోయింది. ఆ తర్వాత మెట్ల సీను. అత్తగారు ఒలవడం ఆపేసింది.

తెర అంచున ఒక భుజం. బూడిదరంగు గుడ్డ, దాని మీదికి కారుతున్న నీళ్లు. కెమెరాకి ఎంత దగ్గరగా ఉందంటే అంచులు మసకబారాయి. ఈసారి ఎడిటర్‌కీ కనిపించింది. ఆ సీన్లో మెట్లు తప్ప ఏమీ లేవని ఆమెకి బాగా తెలుసు.

తీసిన ముక్కలన్నీ మళ్లీ పెట్టేసి, మొదట్నుంచి వేసి చూసింది. మెట్ల మీద ఎవరూ లేరు. వంటింటి సీన్లో మాత్రం, దూరంగా ఫ్రిజ్ పక్కన, వీపు తిప్పుకుని ఉంది ఆవిడ.

వెంటనే డైరెక్టర్‌కి ఫోన్ చేసింది. ఆయనిప్పుడు ఒక బళ్లో పిల్లలకి నాటకాలు నేర్పుతున్నాడు.

“సార్, వంటింట్లో ఫ్రిజ్ పక్కన...”

“ఇన్నాళ్లకి కనబడిందా నీకు?”

“ఎవరు సార్ ఆవిడ?”

“తెలిస్తే కదమ్మా చెప్పడానికి! మూడో సీజన్ మొదటిరోజు షూటింగ్‌లోనే వచ్చింది. సెట్లో అలాంటి మనిషే లేదు. కోసి పారేశాను. కోసినకొద్దీ ముందుకొచ్చింది. కాసేపు ఉండనిస్తే ఉన్నచోటే ఉండేది. అందుకే కథే మార్చేశాను.”

“నాతో ఒక్క మాట అనొచ్చుగా?”

“నమ్మేదానివా? చూసినవాళ్లలో సగం మందికి ఖాళీ గదే కనబడింది. మిగతావాళ్లకి ఆవిడ కనబడింది, ఎవరో నటి అనుకున్నారు. వాళ్లే బాగుందన్నారు.”

ఆ వారమంతా ఎడిటర్ సీజన్ మొత్తం కోయకుండా చూసింది. ఒకప్పుడు విసుగెత్తించిన ఆ ఖాళీ గదుల మీంచి ఇప్పుడు చూపు తిప్పుకోలేకపోయింది. ప్రతి షాటూ ఆవిడ భుజాలు కాస్త కుదుటపడేదాకా నడిచి, అక్కడే ఆగేది. నత్త నడకలో అంత జాగ్రత్త ఉందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

“ఒక్క ముక్క కూడా తీయను” అని ఛానెల్ మేనేజర్‌తో చెప్పేసింది.

“మీరు కాకపోతే ఇంకొకరు” అన్నాడతను.

“సరే. కోశాక మాత్రం ముందు మీరొక్కరే కూర్చుని చూడండి.”

కొన్నాళ్లకి అతనే ఫోన్ చేశాడు. “కోసింది చూశాను. ఉన్నదున్నట్టే వేసేద్దాం మేడమ్.”

సీరియల్ వచ్చింది. మళ్లీ జట్లు కట్టి కొట్లాడుకున్నారు కానీ, ఈసారి మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. గోడవైపు తిరిగిన ఆ నటి ఎవరని ఛానెల్‌కి ఒకటే ఫోన్లు.

ఆఖరి భాగం వచ్చిన సాయంత్రం డైరెక్టర్ ఎడిటర్ ఇంటికొచ్చాడు. అత్తగారితో కలిపి ముగ్గురూ సోఫాలో సర్దుకు కూర్చున్నారు. చివరి సీన్లో ఇంటికి తాళం పడ్డాక కెమెరా హాల్లోనే ఉండిపోయింది.

“ఏదమ్మా?” అన్నాడాయన కళ్లు చికిలించి. ఎడిటర్ వేలు పెట్టి చూపించింది. ఆయన ముందుకి వంగి చూశాడు, వెనక్కి వాలి చూశాడు. “నాకు కనబడటం లేదు” అన్నాడు. సంతోషించాలో బాధపడాలో తెలియనట్టు నవ్వాడు.

అప్పుడే ఎడిటర్ అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ సీను ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. గోడవైపున్న ఆవిడ ఒక్కసారీ తిరగలేదు. ఇప్పుడు మెల్లగా ఇటువైపు తిరుగుతోంది. “తిరుగుతోంది” అంటూ ఎడిటర్ కళ్లు గట్టిగా మూసేసుకుంది.

సంగీతం ఆగింది. సబ్బు ప్రకటన మొదలైంది.

“తిరిగిందా? ముఖం ఎలా ఉందండీ?” అని చిన్నపిల్లాడిలా అడిగాడు డైరెక్టర్.

అత్తగారే చెప్పింది.

“మామూలుగానే ఉంది బాబూ. ఎవరో పిలిస్తే వెనక్కి చూసినట్టు.”