మేస్త్రిగారి గ్రీన్ టీ వైద్యం

అద్దకం కార్ఖానాలో రంగుల మేస్త్రి రోజుకు పన్నెండు గ్లాసుల గ్రీన్ టీ తాగుతున్నాడని వింటే మీరు కూడా మెచ్చుకుంటారు. సిగరెట్ మానేశాడు, ఒంటి మీద శ్రద్ధ పెట్టాడు అని తోటివాళ్లంతా మెచ్చుకున్నారు. వాళ్లలో ఒక్కరంటే ఒక్కరు కూడా, ఆసుపత్రికి వెళ్లి ఎన్నాళ్లయిందయ్యా అని అడగలేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఏడు నెలల కిందట ఆయన మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ బయటపడింది. చిన్నదే, పైపొరలోనే ఉంది. డాక్టరమ్మ దాన్ని గీకి తీసేసి, ఇది మళ్లీ మొలిచే రకం, మూడు నెలలకోసారి సన్నని గొట్టం వేసి లోపల చూడాలి, తేదీ తప్పకూడదు అని ఒకటికి పదిసార్లు చెప్పింది. మేస్త్రి బుద్ధిగా తలూపాడు. ఆ గొట్టం పేరెత్తితేనే తనకు చెమటలు పడతాయన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ భయానికి మందు బావమరిది పంపించాడు. గ్రీన్ టీలోని పదార్థాలు మూత్రాశయ క్యాన్సర్ కణాలను చంపుతున్నాయని ఫోన్లో ఏదో వార్త. ఇక ఆ గొట్టాల గోల నీకెందుకు బావా అని కింద తనే ఒక ముక్క జోడించాడు. ఇదింకా ప్రయోగశాల దశలోనే ఉందని ఆ వార్త చివర స్పష్టంగా రాసే ఉంది. చివరిదాకా చదివే ఓపిక మనలో ఎవరికుంది గనక.

మొదటి పరీక్ష తేదీ దాటింది. రెండోదీ దాటింది. అదే కార్ఖానాలో గుడ్డలు మడతపెట్టే భార్య అడిగీ అడిగీ విసిగిపోయింది. అడిగినప్పుడల్లా ఆయన చేతిలో గ్లాసు చూపించేవాడు.

ఒక పొద్దున ఆయన తర్వాత స్నానాలగదిలోకి వెళ్లిన ఆవిడకు, నీళ్లు సరిగా పోయని చోట ఎర్రగా కనిపించింది. అడిగితే మేస్త్రి, అది రంగేలే అని నవ్వేశాడు. రంగు తొట్టెల దగ్గర పనిచేసేవాళ్లకు ఒక నమ్మకం. చెమటా రంగే, ఉమ్మూ రంగే, మూత్రమూ రంగే, ఒంట్లో దిగింది ఎటో ఒకవైపు పోవాలిగా అంటారు. మొదటిసారి కూడా ఆయన ఇదే మాట చెప్పి నెల్లాళ్లు గడిపేశాడు. అయినా బుద్ధి రాలేదు.

ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు. "ఏమండీ, ఇరవై రోజుల నుంచి నా బల్ల మీదికి వస్తున్నవన్నీ నీలం గుడ్డలే. మీరు కలుపుతున్నదంతా నీలమే. మరి ఈ ఎరుపెక్కడిది?"

మేస్త్రి చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. ఆ పూట ఇద్దరూ పని మానుకుని ఆసుపత్రికి వెళ్లారు.

డాక్టరమ్మ లోపల చూసి, ముక్క తీసి పరీక్షకు పంపి, వారం తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టింది. గడ్డ మళ్లీ మొలిచింది. ఈసారి కండరంలోకి దిగింది. మూత్రాశయాన్నే తీసెయ్యాలి, ఇక బతికినన్నాళ్లూ మూత్రం పోవడానికి పొట్ట మీద సంచి తగిలించుకోవాలి. తేదీకి వచ్చుంటే బహుశా గీకి తీయడంతోనే సరిపోయేదని చెబుతుంటే డాక్టరమ్మ గొంతులో విసుగు దాగలేదు.

"మరి గ్రీన్ టీ సంగతి అబద్ధమా అమ్మా?" అని మేస్త్రి బేలగా అడిగాడు.

"అబద్ధం కాదయ్యా. పరిశోధన జరుగుతోంది, జరగాలి కూడా. రేపు అందులోంచి మందు వస్తే నేనే రాసిస్తాను. కానీ ఇప్పటిదాకా చూసింది ఎక్కువగా గాజు గిన్నెల్లో పెంచిన కణాల మీద, ఎలుకల మీద. మనిషికి ఇది వైద్యమని ఇంకా తేలలేదు. టీ తాగడం తప్పని నేననను. టీ తాగుతున్నాను కదా అని పరీక్ష ఎగ్గొట్టారు చూడండి, అదీ మీరు చేసిన తప్పు."

ఆపరేషన్ రోజున బావమరిది తల వంచుకుని వచ్చాడు. నేను మంచికే పంపానక్కా అని గొణిగాడు. వాడి మీద అరిచే ఓపిక కూడా అక్కకు లేదు. మూసి ఉన్న తలుపు వైపే చూస్తూ మెల్లగా చెప్పింది.

"మంచి చెయ్యాలనుకుంటే వార్త పంపి ఊరుకోవడం కాదురా. డాక్టరు చెప్పిన తేదీకి వచ్చి, భయపడేవాణ్ణి చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకురావాలి."