బర్రెను కొన్నట్టు కొన్న కళ్లద్దాలు

కెప్టెన్ మైసయ్య చూపు ఒకప్పుడు ఎంత గొప్పదంటే, గండిపేట చెరువు మీదుగా విమానం పోతుంటే నీళ్లలో చేప ఏ కన్ను కొట్టిందో చెప్పేవాడు. నమ్మకం లేకపోతే పురానాపూల్‌లో ఎవరినైనా అడగండి. అబద్ధమని ఒక్కరూ అనరు. అక్కడ అందరూ తాగేది ఆయన ఇంటి పాలే మరి.

అలాంటి మైసయ్య అరవైకి దగ్గరపడేసరికి పేపరును చేయి చాచినంత దూరం పెట్టి చదవడం మొదలుపెట్టాడు. చివరికి చేయి చాలకుండా పోయింది. కళ్లద్దాలు పెట్టుకుంటే విమానం నడపొచ్చని డాక్టరు అన్నాడు. వచ్చే వారం పరీక్ష ఫ్లైటు. కంపెనీలో పెద్ద పైలట్ వేణుగోపాల్ పక్కన కూర్చుని చూస్తాడు. నెగ్గితే ఆకాశం, తప్పితే ఆఫీసులో కుర్చీ. రెక్కలు లేని కుర్చీని తలచుకుంటేనే మైసయ్యకు అన్నం సహించలేదు.

అల్లుడు సాగర్ ఆయన్ని పెద్ద షోరూముకు తీసుకుపోయాడు. లావు కాడలు, బంగారు అంచు, నల్లటి అద్దాలు. దగ్గరి చూపుకు అద్దం కింది భాగంలో చిన్న గడి.

"మామా, మస్తుగున్నవ్! అత్తమ్మ మళ్ల లగ్గం చేసుకుంటది."

మైసయ్య అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. ఆ మురిపెం మర్నాడు బేగంపేటలో సాధన కోసం విమానం ఎక్కేదాకానే. ఇంజను అందుకోగానే ఎదురుగా ఉన్న స్క్రీన్లు నల్లగా మాడిపోయాయి.

"కరెంటు పోయిందేంది?" అన్నాడు మైసయ్య.

"లేదు సార్, స్క్రీన్లు మంచిగనే వెలుగుతున్నయ్. మీవి మెరుపు తగ్గించే పోలరాయిడ్ అద్దాలు. వాటితోని చూస్తె స్క్రీన్లు కనబడయ్," అంది పక్క సీట్లో ఉన్న కోపైలట్ లావణ్య.

అంతటితో అయిందా? లావు కాడల వల్ల హెడ్‌సెట్ చెవులకు అతుక్కోక, సందులోంచి ఇంజను హోరంతా తలలోకి దూరింది. పైకప్పు మీది స్విచ్చులు చూడాలంటే, దగ్గరి చూపు గడి కిందెక్కడో ఉందాయె. కోడి నీళ్లు తాగినట్టు మెడ వెనక్కి విరిచి చూడవలసి వచ్చింది. దిగేసరికి మెడ పట్టేసింది, పరువు పోయింది.

ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. పాలు పిండుతున్న బుచ్చమ్మ భర్త చెప్పిందంతా విని, తలెత్తకుండానే అడిగింది.

"ఏమయ్యా, బర్రెను కొననీకి పోతె కొమ్ములు చూసి పైసలిస్తవా?"

"ఎందుకిస్తనే? రెండు పూటలు ఆడనే కూసోని, పాలు పిండి చూసినంకనే బయానా పైసలిస్త."

"మరి కండ్లద్దాలకు కొమ్ములు చూసి ఇచ్చి వస్తివేంది?"

మైసయ్య మంచం మీంచి లేచాడు. తాతలనాటి బేరం తనకు తెలియనిదా! దూడను కట్టే పలుపుతాడు విప్పుకుని తెల్లారి విమానం దగ్గరికి పోయాడు. సీట్లో కూర్చుని కంటి నుంచి స్క్రీను దాకా తాడు చాచి ఒక ముడి వేశాడు. ఒళ్లో పెట్టుకునే మ్యాపుకు ఒకటి, నెత్తిమీది స్విచ్చులకు ఇంకొకటి. అక్కడ్నుంచి ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో హెడ్‌సెట్ పట్టుకుని బేగంబజార్ వెనక ఖలీల్ భాయ్ కళ్లద్దాల దుకాణానికి పోయాడు.

"క్యా మైసయ్య భాయ్, అద్దాలకొచ్చిన్రా, బర్రెను కట్టెయ్యనీకొచ్చిన్రా?"

"పిండి చూసి తీసుకుంట భాయ్. ఫికర్ చెయ్యకు, తన్నితె నేనే తన్నించుకుంట."

ఖలీల్ నవ్వి కుర్చీ చూపించాడు. మైసయ్య ముడి కొలత ప్రకారం ఒక అగ్గిపెట్టెను నెత్తిమీద వేలాడదీయించాడు, ఒకటి ఎదురుగా పెట్టించాడు, ఇంకొకటి ఒళ్లో పెట్టుకున్నాడు. ఖలీల్ ఒక్కో అద్దం మారుస్తుంటే పైపెట్టె మీది అక్షరాలు, ఎదుటి పెట్టె మీదివి, ఒళ్లోదాని మీదివి, గల్లీ చివరి బోర్డు మీదివి వరుసగా చదివాడు. దగ్గరి చూపు గడి కిందే కాదు, పైన కూడా ఒకటి కావాలని తేలింది. నడుమంతా దూరానికి. సన్నటి కాడల ఫ్రేము పెట్టుకుని, పైన హెడ్‌సెట్ బిగించి చూశాడు. బజారు లొల్లి ఒక్కసారిగా ఆగిపోయింది. లేత పొగరంగు అద్దం ముక్కను ఫోను ముందు పెట్టి, ఫోనును అడ్డంగా నిలువుగా తిప్పాడు. స్క్రీను వెలుగు ఎక్కడా చావలేదు.

"ఇది పాలిచ్చే బర్రె, భాయ్! ఇసొంటియే రెండు జతలు చెయ్యి."

పరీక్ష రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. వేణుగోపాల్ పక్కన కూర్చుని, మ్యాపులో ఇది, స్క్రీనులో అది, పైన ఫలానా స్విచ్చు అంటూ ఊపిరాడకుండా అడిగాడు. మైసయ్య తల కదలలేదు, కళ్లు మాత్రమే కదిలాయి. ఎదురెండలో రన్‌వే గీతగీతా కనబడింది. దాని పక్క గడ్డిలో కొంగ ఏ కాలు మీద నిలబడిందో కూడా చెప్పాడంటారు. ఇక విమానం దిగిన తీరు చెప్పాలంటే, ఒళ్లో పాలగిన్నె ఉన్నా మీగడ చెదిరేది కాదు.

"కళ్లద్దాలు పగిలితే?" అన్నాడు వేణుగోపాల్, ఆఖరి అస్త్రంగా.

మైసయ్య జేబులోంచి రెండో జత తీశాడు. "ఒక్క బర్రెను నమ్ముకుంటె పాడి నడుస్తదా సార్?"

వేణుగోపాల్ పాస్ అని రాసేశాడు. రాసి, పైన లైటు ఆపడానికి తన కళ్లద్దాల్లోంచి చూస్తూ మెడ వెనక్కి విరిచాడు. అచ్చంగా కోడే. మైసయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నవ్వకు మైసయ్యా. ఆ తాడేదో నాక్కూడా ఇప్పియ్యి."

సాయంత్రం పెద్ద పైలట్ పురానాపూల్ వచ్చి, పేడ తొక్కకుండా నిలబడి, తాడు కోసం చేయి చాచాడు. మైసయ్య కొత్త కళ్లద్దాల్లోంచి భార్యను దర్జాగా చూశాడు. బుచ్చమ్మ దూడ మెడలోంచి పలుపు విప్పుతూ అంది:

"తీస్కపో సారూ. గని చీకటి పడకముందే తెచ్చియ్యి. దూడ తల్లి కాడికి ఉరికిందంటె, మా కెప్టెన్ పాసైన దావత్‌కు చాయ్‌ల పాలుండయ్."