రోజులు చెప్పని మొక్కు

నోప్పరుత్ అన్నది అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. పోటీలో ఓడి వచ్చినప్పుడల్లా వాళ్ళమ్మ బువలోయ్ అతన్ని జ్యోతిష్కుడి దగ్గరికి లాక్కుపోయేది. ఆయన పేరులో ఏదో ఒక అక్షరం మీద వేలు పెట్టి, ఇదిగో, ఇదే నీ కొంప ముంచుతోంది అని కొట్టేసేవాడు. అలా పేర్లు మారాయి, సంతకాలు మారాయి, బంతి మాత్రం పోయి పోయి నీళ్ళలోనే పడేది. ఇన్ని మారినా మారనిది ముద్దుపేరు ఒక్కటే. చిన్నప్పుడు వానలో గెంతుతుంటే చూసి అమ్మ పెట్టింది, కోప్ అని. కోప్ అంటే కప్ప.

కప్ప నీళ్ళలోకి పోక ఇంకెక్కడికి పోతుందని తోటి ఆటగాళ్ళు ఆటపట్టించేవారు. కోప్ నవ్వేసేవాడు. థాయిలాండ్‌లో గోల్ఫ్ ఆడి పొట్టపోసుకునేవాళ్ళలో అతనంత కాలం నెగ్గకుండా నెట్టుకొచ్చినవాడు మరొకడు లేడు. రెండో స్థానం అతనికి అత్తారిల్లులా అలవాటైపోయింది. ఏ ఫొటోలో చూసినా కప్పు ఇంకెవరి చేతిలోనో ఉండేది, పక్కన కోప్ మోచెయ్యి ఉండేది. బువలోయ్ ఆ మోచేతులన్నిటినీ పటాలు కట్టించి, తను అరటిపళ్ళు కాల్చి అమ్మే బండికి వరసగా వేలాడదీసింది.

ఆ ఏడు మాత్రం రెండో స్థానం కూడా చాలదన్నారు. హువా హిన్ ఊళ్ళో జరిగే పోటీలో గెలిస్తేనే ఆటగాడి కార్డు ఉంటుంది, లేకపోతే వచ్చే ఏటినుంచి ఏ పోటీలోనూ అడుగుపెట్టనివ్వరు. కోప్‌కి ఈ ఆట తప్ప ఇంకేమీ రాదు. ఇంకేమీ అక్కర్లేదు కూడా. తెల్లారగట్ల తడిసిన పచ్చిక మీద మొదటి దెబ్బ కొట్టినప్పుడు వచ్చే చప్పుడు కోసమే మనిషి నిద్రలేచేవాడు. ఆ చప్పుడు లేని బతుకు ఎలా ఉంటుందో ఊహించుకుంటే అతనికి అన్నం దిగేది కాదు.

చివరి రోజున వింతలు జరిగాయి. ముందున్న ఆటగాడి బంతిని ఉడుము నోట కరచుకుని పొదల్లోకి పోయింది. రెండోవాడు ఎండదెబ్బకి కళ్ళు తిరిగి పడిపోయాడు. కోప్ బంతి అలవాటు ప్రకారం చెరువువైపే పోయింది కానీ, అక్కడ ఎండ కాగుతున్న తాబేలు డిప్పకి తగిలి, ఎగిరి మళ్ళీ గట్టెక్కింది. చివరి గుంత దగ్గరికి వచ్చేసరికి కోప్ గెలుపుకి ఒక్క దెబ్బ దూరంలో ఉన్నాడు. బంతికీ గుంతకీ మధ్య నాలుగు బారలుంటుందంతే.

ఆ గుంత పక్కనే, స్తంభం మీద, చోమ్ తాత చెక్కగుడి ఉంది. ఆ నేలని కాపాడే క్షేత్రపాలకుడు ఆయన, అందరూ తాత అంటారు. గుడి చుట్టూ భక్తులు తెచ్చిపెట్టిన చారల గుర్రాల బొమ్మలు, ముందర నైవేద్యంగా గొట్టం వేసిన ఎర్ర సోడా సీసా. వాటి మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని బువలోయ్ అగరొత్తులు పట్టుకుని దణ్ణం పెడుతోంది.

"ఒరేయ్ కోప్!" కొడుకుని చూసి అరిచింది. "భయపడకు! నేను మొక్కేశాను!"

"ఏం మొక్కావమ్మా? గుడ్లా? పంది తలకాయా?"

"గుడ్లేంట్రా, చిన్న పోటీయా ఇది? నువ్వు గెలిస్తే నీకు కాషాయం కట్టిస్తానన్నాను."

కోప్ తల ఊపాడు. వయసొచ్చిన మగవాడు కొన్నాళ్ళు బౌద్ధ భిక్షువుగా ఉండి రావడం ఆ దేశంలో అందరూ చేసేదే. అతనే ఆట ధ్యాసలో పడి వాయిదా వేస్తూ వచ్చాడు. కానీ పక్కనే అతని గోల్ఫ్ కర్రల సంచి మోస్తున్న క్యాడీ తిమ్, ముఖానికి ఎండ తగలకుండా చుట్టుకున్న గుడ్డని గబుక్కున కిందికి లాగింది.

"పిన్నీ, ఎన్ని రోజులని చెప్పావు?"

"రోజులా?" అంది బువలోయ్.

"వారమా, పదిహేను రోజులా, ఓ వానాకాలమా? ఏదో ఒకటి చెప్పుంటావుగా?"

బువలోయ్ గుడివైపు చూసింది, కొడుకువైపు చూసింది. "చెప్పలేదే."

"ఓరి నాయనో!" తిమ్ సంచి కింద పడేసింది. "చోమ్ తాతకి రోజులు చెప్పకుండా మొక్కడమేంటి పిన్నీ! మా చిన్నాన్న గుడ్లు పెడతానన్నాడు, ఉడకబెట్టినవని చెప్పలేదు. ఇంటినిండా కోళ్ళు మేపుతున్నాడు ఇప్పటికీ! గడువు చెప్పకపోతే బతుకంతా అని కదా లెక్క!"

కోప్ చేతిలో కర్ర చల్లబడిపోయినట్టయింది. బంతి గుంతలో పడితే గెలుస్తాడు, గుండు గీయించుకుని విహారంలో కూర్చుంటాడు, ఆట పోతుంది. బంతి గుంతలో పడకపోతే కార్డు పోతుంది, ఆటా పోతుంది. ఏ దారిన పోయినా ఇది అతను కొట్టబోయే ఆఖరి బంతే.

గడియారం పట్టుకున్న పోటీ అధికారి చకచకా వచ్చాడు. "ఏంటీ ఆలస్యం? ఇంకా నిలబడితే ఒక దెబ్బ జరిమానా వేస్తాను."

"మొక్కులో తేడా వచ్చింది సార్," అంది తిమ్. "పిన్ని రోజులు చెప్పలేదు."

అధికారి గడియారం జేబులో పెట్టేశాడు. "చెప్పలేదా? అసలు ఏ మాటన్నావు పిన్నీ, సరిగ్గా చెప్పు."

"నా కొడుకు గెలిస్తే కాషాయం కట్టిస్తాను తాతా అన్నాను."

"అబ్బ! చిక్కే వచ్చిందే." అధికారి నిబంధనల పుస్తకం తిరగేశాడు. ఉడుము బంతి ఎత్తుకుపోతే ఏం చెయ్యాలో ఉంది, పిడుగు పడితే ఏం చెయ్యాలో ఉంది, మొక్కు మాట ఎక్కడా లేదు. చూడటానికొచ్చిన జనం తాడు దాటి ముందుకొచ్చారు. బతుకంతా అని కొందరు, కాదు ఆనవాయితీగా పదిహేను రోజులని కొందరు వాదులాడుకున్నారు. చోమ్ తాత మొండివాడు, వడ్డీ కూడా వేస్తాడని ఒక ముసలాయన అన్నాడు.

కోప్ అదేమీ వినడం లేదు. "ఒక్క మాట అనుంటే సరిపోయేది కదమ్మా," అన్నాడు. "వారం రోజులని ఒక్క మాట. ఎందుకనలేదు?"

బువలోయ్‌కి కంగారు, కోపం కలిసి వచ్చాయి. "ఎందుకంటాను? నువ్వు గెలుస్తావని ఎవరనుకున్నార్రా, రోజులు చెప్పుకోడానికి!"

బువలోయ్ తన నోటి మీద తనే చెయ్యి పెట్టుకుంది.

కోప్‌కి చాలా బాధేసింది. తోటి ఆటగాళ్ళు కప్ప అన్నప్పుడు రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి. మోచేతులకు పటాలు కట్టించిన మనిషి కూడా అనుకోలేదన్నమాట, ఇన్నేళ్ళూ. ఇక కార్డు గురించి ఆలోచించలేదు, గుండు గురించీ ఆలోచించలేదు. అమ్మకి చూపించాలి, అంతే. ముక్కు తుడుచుకుని, వంగి, బంతిని మెల్లగా తోశాడు.

బంతి సాగింది, గుంత అంచున ఆగి కాస్త ఆలోచించినట్టు కనపడి, లోపల పడింది.

జనం అరిచిన అరుపుకి గుడి మీది పావురాలు లేచిపోయాయి. తిమ్ అతన్ని పట్టుకుని ఊపేసింది. బువలోయ్ మాత్రం నేల మీద చతికిలబడి, "అయ్యో, గెలిచాడే! నా కొడుకు గెలిచాడే!" అని గుండెలు బాదుకుని ఏడ్చింది. మర్నాడు పేపర్లో ఆ ఫొటోయే వేశారు, ఆనందబాష్పాలు అని కింద రాశారు.

నెల తిరక్కుండా ముహూర్తం పెట్టారు. కోప్‌కి తలా కనుబొమ్మలూ నున్నగా గీశారు. తిమ్ తోటి క్యాడీలు అతన్ని భుజాలమీద ఎక్కించుకుని, గోల్ఫ్ గొడుగులు పట్టి, డప్పులతో విహారం చుట్టూ తిప్పారు. కర్రల సంచిని తిమ్‌కి అప్పగించి, తడవకుండా చూడక్కా అని మాత్రం చెప్పి లోపలికి వెళ్ళాడు. కాషాయం కట్టారు. ఇక పూర్తి భిక్షువు కావడానికి పెద్ద గురువుగారు పాళీ భాషలో అడిగే ప్రశ్నలే మిగిలాయి. ప్రతిదానికీ "ఆమ భంతే" అనాలి, అంటే అవును స్వామీ అని.

"మనుస్సోసి?" అడిగారు గురువుగారు. మనిషివేనా? పూర్వం ఒక పాము మనిషి వేషంలో వచ్చి సన్యాసం పుచ్చుకుందట, అప్పటినుంచీ అందరినీ అడుగుతారు.

"ఆమ భంతే," అన్నాడు కోప్.

"కప్ప కదా," అని వెనక తిమ్ గొణిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"అనుఞ్ఞాతోసి మాతాపితూహి?" తల్లిదండ్రుల అనుమతి ఉందా?

"ఆమ భం..."

"లేదు!"

అందరూ వెనక్కి తిరిగారు. బువలోయ్ లేచి నిలబడి ఉంది. తండ్రి ఎప్పుడో పోయాడు, అనుమతి ఇచ్చినా మానినా ఆవిడే.

"ఏంటమ్మా ఇది!" అన్నారు గురువుగారు. "మొక్కింది నువ్వే కదా?"

"నేనే గురువుగారూ. కాషాయం కట్టిస్తానన్నాను, కట్టించాను. ఎదురుగానే ఉంది చూడండి. రోజులు చెప్పలేదని అందరూ నన్ను ఆడిపోసుకుంటున్నారు. చెప్పనప్పుడు బతుకంతా అని ఎందుకవ్వాలి? ఈ ఒక్క పూటే అని ఎందుకవ్వకూడదు?"

"చోమ్ తాత ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకోకపోతే నా బండి దగ్గరికి రమ్మనండి. నోరు జారింది నేను, ఆయన నాతో తేల్చుకోవాలి."

గురువుగారు విసనకర్ర దించారు. "కొడుకు భిక్షువైతే ఆ కాషాయం కొంగు పట్టుకుని తల్లి స్వర్గానికి పోతుందంటారు. చేతికొచ్చిన దాన్ని వదులుకుంటావా?"

బువలోయ్ కొడుకువైపు చూసింది. కాషాయంలో ఉన్నవాణ్ణి ఆడవాళ్ళు ముట్టుకోకూడదు కాబట్టి చేతులు కట్టుకుంది.

"ఒరేయ్..." అని నాలిక్కరుచుకుంది. "స్వామీ, ఆ రోజు బంతి కొట్టేటప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. ఎలాగూ పడదు, చూడలేను అనుకుని మూసుకున్నాను. ఊరంతా చూసింది. కన్నదాన్ని, నేను చూళ్ళేదు. స్వర్గం ఎక్కడికీ పోదు. ముందు నువ్వు గెలవడం నేను కళ్ళారా చూడాలి. ఈసారి మూసుకోను."

తిమ్ బయటికే ఏడ్చింది. ఇంతకాలం ఈ మాట కోసమే ఆడానేమో అనిపించింది కోప్‌కి. ఆ వెంటనే ఇంకోటి అర్థమయి భయమేసింది. అమ్మ కళ్ళు తెరుచుకుని, రెప్ప వెయ్యకుండా, గెలుస్తాడని నమ్మి చూస్తూ ఉంటుంది. ఆ చూపు కింద బంతి కొట్టాలి.

గురువుగారి దగ్గరికి మోకాళ్ళమీదే జరిగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"గురువుగారూ, ఆ ప్రశ్న ఇంకోసారి అడగండి. నేను ఉందనే చెబుతాను."

"విన్నావు కదా నాయనా," అన్నారు గురువుగారు. "అనుమతి లేదు."