కొలతకు కాదు, ప్రార్థనకు

రెజిమెంటల్ బజార్‌లో శవపెట్టెల బ్రహ్మచారి ఎక్కడని అడిగితే ఎవరైనా నా కొట్టు చూపిస్తారు. లూకా ఎక్కడని అడిగితే నా భార్య శారదమ్మ కూడా చూపించదు. పెట్టె మూతల మీద బైబిలు వాక్యాలు రాసీ రాసీ క్రీస్తును నమ్మినవాణ్ణి నేను. తొంభై మూడులో బాప్తిస్మం ఇస్తూ పాస్టరుగారు లూకా అని పేరు పెట్టారు. బ్రహ్మచారి మా అమ్మానాన్నలు పెట్టిన పేరు. జంజం తీసేశానని మా వడ్రంగులు పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. చర్చివాళ్లు చావులకు తప్ప దేనికీ పిలవరు.

అయినా దేవుడు నాకొక పని అప్పగించాడని గట్టి నమ్మకం. ముప్పై ఏళ్లుగా పోయినవాళ్ల దగ్గరికే వెళ్లాను. ఇక బతికున్నవాళ్ల దగ్గర కూర్చుని ప్రార్థన చేయాలి, లూకా పుట్టింది అందుకే అనుకున్నాను. తీరా ఏమైంది? జ్వరంతో పడుకున్న అబ్రహాంగారు నన్ను చూడగానే లేచి లోపలి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు. జీవరాజు కొడుకులైతే, "మా నాయన ఇంక బతికే ఉన్నడు, అప్పుడే కొలతకొచ్చినవా?" అని మెడపట్టి గెంటారు. రెండేళ్లలో పదకొండు ఇళ్లు తిరిగాను. ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పనివ్వలేదు. నాకూ కోపమొచ్చింది, దేవుడి మీదే.

చివరికి తిరుమలగిరిలో రోసమ్మ టీచరుగారింటికి వెళ్లాను. ఇక్కడా కాదంటే మరి ఏ గడపా తొక్కకూడదని నిశ్చయించుకున్నాను. తలుపు తీసిన కూతురు మేబెల్ బిక్కచచ్చిపోయింది.

"చారిగారూ, మిమ్మల్నెవరు రమ్మన్నారు?"

"కొలతకు రాలే బిడ్డా. ప్రార్థన చేద్దామని వచ్చిన. నా పేరు లూకా."

"దయచేసి వెళ్లిపోండి. మిమ్మల్ని చూస్తే అమ్మ హడలిపోతుంది."

"రానివ్వవే," అంది లోపలినుంచి ఒక నీరసపు గొంతు.

రోసమ్మగారు చిక్కి శల్యమై మంచానికి అతుక్కుపోయి ఉన్నారు. "లూకానా? మంచి పేరయ్యా. ప్రార్థన చెయ్యి లూకా, నాకు భయంగా ఉంది," అని కళ్లు మూసుకున్నారు.

బాప్తిస్మం రోజు తర్వాత నన్ను ఆ పేరుతో పిలిచిన మొదటి మనిషి ఆమె. ఏడుపొచ్చింది. మోకరించి నేనూ కళ్లు మూసుకున్నాను. ఇన్నాళ్లూ కంఠతా పట్టిన మాటల్లో ఒక్కటీ రాలేదు. గుమ్మం నుంచి మంచం దాకా వేసిన నాలుగడుగుల్లోనే నా కళ్లు వాటి పని అవి చేసేసుకున్నాయి. తల నుంచి మడమ దాకా ఐదడుగుల రెండంగుళాలు. భుజాల దగ్గర పదిహేనంగుళాలు. మామిడి చెక్క సరిపోతుంది. ప్రభువా అనబోయాను, చెక్క గుర్తొచ్చింది. మళ్లీ ప్రభువా అన్నాను. మళ్లీ అదే.

కళ్లు తెరిస్తే ఆమె నన్నే చూస్తున్నారు. ఆ చూపులో కోపం లేదు.

"కొలత ఎంతొచ్చింది, చారీ?" అని అడిగారు.

చెప్పాను.