రాజరత్నం పంతులు ఊపిన నీళ్ళు

మార్కాపురం పక్కన పలకల గనులున్న ఒక పల్లెలో రాజరత్నం మిషన్ బడి పంతులు. ఆ ఏడు ఏప్రిల్‌లో డిప్యూటీ ఇన్‌స్పెక్టరు వెంకటస్వామి గారు తనిఖీకి వస్తూ, పని వేడిగా మారుతుందన్న పాఠాన్ని ప్రయోగం చేసి చూపాలని ముందే ఉత్తరం రాశారు.

పుస్తకంలో ఉన్నట్టే రాజరత్నం కుండలోని చల్లటి నీళ్ళు సీసాలో పోసి, బిరడా బిగించి, పిల్లల ముందు అరగంట ఊపాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. రెక్కలు పడిపోయాయి. థర్మామీటరు ముంచి చూస్తే, ఊపక ముందు డెబ్బై ఎనిమిది ఫారెన్‌హీట్ డిగ్రీలున్నది కాస్తా ఎనభై ఏడైంది.

“నిప్పు లేదు, పొయ్యి లేదు! పంతులు గారి కష్టమే నీళ్ళలో శక్తిగా చేరింది!” అని ఇన్‌స్పెక్టరు గారు లేచి నిలబడ్డారు. విజిట్ పుస్తకంలో ‘అద్భుతం’ అని రాసి సంతకం కూడా చేసేశారు.

బడికి నీళ్ళు మోసే రాహేలు గడప దగ్గర గొంతు సవరించుకుంది. ఇన్‌స్పెక్టరు గారి కోసం, ఊపడం మొదలుకాక ముందే, అదే కుండలోంచి ఆమె తెచ్చి పెట్టిన గ్లాసు బల్ల మీద అలాగే ఉంది. మిషన్ బడి నీళ్ళు ఆయన తాగరు. ఆయన కూజా ఆయన వెంటే వస్తుంది.

“అయ్యా, ఆ గ్లాసులోవి కూడా ఎచ్చబడినాయి సూడండి. వాటిని ఎవురూ ఊపలేదు గదా?”

రాజరత్నం థర్మామీటరు అందులో ముంచాడు. ఎనభై ఆరు.

“సంతకం అయ్యాక కొలవడమేమిటయ్యా!” అని ఇన్‌స్పెక్టరు గారు కూజా తీయించుకుని వెళ్ళిపోయారు.

రాజరత్నానికి సిగ్గేసింది. నీళ్ళలో శక్తి ఎంత పెరిగిందో థర్మామీటరు చెబుతుంది గానీ, అది ఊపితే చేరిందో, గదిలోని వేడి తగిలి చేరిందో చెప్పదు. మర్నాడు పొద్దున్నే సీసాకు గుడ్డ చుట్టి, నీళ్ళు గదంత వేడెక్కేదాకా ఆగి, అప్పుడు అరగంట ఊపాడు. పెరిగింది ఒక్క డిగ్రీ. తన కష్టం విలువ అంతేనని, మిగతాదంతా ఎండ పుణ్యమని నిజాయితీగా ఇన్‌స్పెక్టరు గారికి రాశాడు.

పది రోజులకు జవాబొచ్చింది: “రెండోసారి మీ ఊపులో శ్రద్ధ లోపించింది.” దాంతోపాటే గిద్దలూరు నుంచి దోర్నాల దాకా ప్రతి బడిలోనూ మధ్యాహ్నం అరగంట సీసా ఊపాలని ఒక సర్క్యులరు.

రాజరత్నం దాన్ని మడిచి జేబులో పెట్టుకుని పిల్లల్ని గని దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ రాళ్ళు కొట్టే ఏబేలు ఒక పాత ఇనుప ముక్కను బండ మీద పెట్టి, నీడలోనే, సమ్మెటతో ఇరవై దెబ్బలు వేశాడు.

“ముట్టుకోండి నాయనా,” అన్నాడు. ముట్టుకున్న వాళ్ళంతా చటుక్కున చేతులు వెనక్కి తీసుకున్నారు.

మరుసటి ఏడు తనిఖీలో దయామణి అనే పిల్ల లేచి, “అవునండీ, పని వేడయితాది. ఏబేలు మామ కొట్టిన ఇనుము సుర్రుమనింది” అని చెప్పింది.

వెంకటస్వామి గారు పుస్తకం తెరిచి రాశారు: ‘విద్యార్థులకు విషయం తెలుసు. సీసా ఊపడం మాత్రం రాదు.’